డిస్‌ప్లే మీది ఫిల్మ్ పీకేటప్పుడు పోయిన ప్యానెళ్లు: ఒక ఈఎస్‌డీ కేసు

నేపథ్యం

రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ వైపు పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాక, తిరుపతి చుట్టుపక్కల చిన్న చిన్న అసెంబ్లీ యూనిట్లు కూడా పెరిగాయి. ఈ కేసు అలాంటి ఒక యూనిట్‌ది. ఈఎస్‌డీ (ఎలక్ట్రోస్టాటిక్ డిశ్చార్జ్) అంటే, పేరుకున్న స్టాటిక్ ఛార్జ్ ఒక్కసారిగా ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు దూకడం. పేరు, ఊరు, కస్టమర్ వివరాలు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు విషయాలు మార్చాను. సాంకేతిక విషయాలు, మేము తీసుకున్న నిర్ణయాలు మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

అక్కడ సుమారు నలభై మంది పని చేస్తారు. ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి షిఫ్ట్ వ్యానులో వచ్చే ఆడపిల్లలు. పని ఏమిటంటే, ఇళ్లలో వాడే మెషిన్లకు కంట్రోల్ బోర్డులు సిద్ధం చేయడం. చిప్పులు అతికించిన బోర్డు బయటి నుంచి వస్తుంది. చిన్న ఎల్‌సీడీ ప్యానెల్ వేరే చోటి నుంచి వస్తుంది. ఇక్కడ ప్యానెల్‌కు ముందూ వెనకా ఉన్న ప్లాస్టిక్ ఫిల్మ్ తీస్తారు, వెనక బ్యాక్‌లైట్ పెడతారు, ఫ్లెక్స్ కేబుల్‌ని కనెక్టర్‌లో దూర్చి లాక్ చేస్తారు, జిగ్ అనే టెస్ట్ పలక మీద పెట్టి టెస్ట్ చేస్తారు, ప్యాక్ చేస్తారు.

మొదట్లో హాల్లో ఎయిర్ కూలర్లు ఉండేవి. మే నెలలో మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఓ ఇద్దరు అమ్మాయిలు షిఫ్ట్ మధ్యలో కళ్లు తిరిగి పడిపోయాక, ఓనర్ అప్పు చేసి మరీ హాలు మొత్తం మూసి ఏసీ పెట్టించాడు. మంచి ఉద్దేశంతో చేసిన పని. సమస్య మొదలైంది కూడా అప్పుడే.

సమస్య

ఏసీ వచ్చిన రెండు మూడు వారాల్లోనే టెస్ట్ దగ్గర ప్యానెళ్లు ఫెయిల్ అవడం పెరిగింది. కొన్నిటిలో ఒక గీత కనిపించదు. కొన్నిటిలో సగం అంకెలు వెలగవు. కొన్ని పూర్తిగా ఖాళీ. అంతకుముందు వారానికి ఒకటో రెండో వచ్చేవి, ఇప్పుడు ప్రతి షిఫ్ట్‌లోనూ వస్తున్నాయి.

నన్ను పిలిచేసరికి సూపర్‌వైజర్ దగ్గర ఒక తీర్పు సిద్ధంగా ఉంది. రిజిస్టర్ తెరిచి చూపించాడు. ఫెయిలైన వాటిలో ఎక్కువ ఒకే బెంచి నుంచి, ఒకే అమ్మాయి చేతి మీదుగా వచ్చాయి. "సార్, ఆ పాప హస్తవాసి బాలేదు. ముట్టుకుంటే పోతుండాది" అన్నాడు. అప్పటికే ఆమెకు మెమో ఇచ్చారు. రిస్ట్ స్ట్రాప్, అంటే ఒంటి మీది ఛార్జ్‌ని ఎర్త్‌కు పంపే మణికట్టు పట్టీ, సరిగా కట్టుకోవడం లేదని అందులో రాశారు. ఆమె లైన్‌లో అందరికంటే వేగంగా పని చేసే మనిషి. నేను వెళ్లిన రోజు తల ఎత్తకుండా పని చేస్తోంది. స్ట్రాప్ మణికట్టుకు ఎంత గట్టిగా బిగించుకుందంటే, తీశాక ఎర్రగా గీత పడింది.

ఆ గీత చూశాక ఈ కేసును మనిషి క్రమశిక్షణ అనే కోణం నుంచి మొదలుపెట్టకూడదని అనుకున్నాను. స్టాటిక్ కంటికి కనిపించదు. మన ఒంటి నుంచి వెళ్లే డిశ్చార్జ్ మనకు చురుక్కుమనాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి. 100 వోల్టుల కంటే తక్కువకే పోయే చిప్పులు ఉన్నాయి. అంటే నష్టం జరిగిన క్షణం ఎవరికీ తెలియదు. తెలియని చోట అందరికంటే దగ్గరగా ఉన్న మనిషి మీదికి నింద పోతుంది.

నేను రాకముందు చేసినవి

ఏసీ పెట్టాక సమస్య వచ్చింది కాబట్టి ఓనర్ గాలి పొడిబారిందని ఊహించాడు. ఊహ తప్పు కాదు. కూలర్ తడి గాలిని ఊదుతుంది. ఏసీ లోపలి కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి, పైపు గుండా బయటికి కారిపోతుంది. హాలు వెనక ఆ పైపు కింద పెట్టిన బకెట్ రోజుకు రెండుసార్లు నిండుతోందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ నీళ్లన్నీ హాల్లో గాలి నుంచి పోయినవే. కస్టమర్ ఆడిట్ కోసం రాసే తేమ రిజిస్టర్ చూశాను. కూలర్ల రోజుల్లో 65 శాతం దాకా ఉన్న తేమ ఇప్పుడు 38 దగ్గర తిరుగుతోంది.

దానికి విరుగుడుగా గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫయర్లు కొన్నాడు. తేమ 55కి వచ్చింది. ఫెయిల్యూర్లు కొంచెం తగ్గాయి, ఆగలేదు. పైగా మరో తంటా వచ్చింది. వాటిలో పోసింది బోరు నీళ్లు. మన వైపు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. అల్ట్రాసోనిక్ హ్యూమిడిఫయర్ నీటితో పాటు ఆ ఉప్పుల్ని కూడా గాలిలోకి చిమ్ముతుంది. ప్యానెళ్ల మీద, కనెక్టర్ల మీద తెల్లటి పొడి పేరుకుంది.

వాటిని ఆపేయమన్నాను. ఓనర్ ఒప్పుకోలేదు. "కొంచెమైనా తగ్గింది కదా సార్" అన్నాడు. నా కారణం ఇది. తేమ ఉంటే వస్తువుల ఉపరితలం మీద సన్నటి నీటి పొర ఏర్పడి ఛార్జ్ కొంత కారిపోతుంది, నిజమే. కానీ దాని మీద ఆధారపడలేం. ఈఎస్‌డీ నియంత్రణకు అందరూ పాటించే ఏఎన్‌ఎస్‌ఐ/ఈఎస్‌డీ ఎస్20.20, ఐఈసీ 61340-5-1 ప్రమాణాలు కూడా తేమను నమ్ముకోమని చెప్పవు. మనిషిని, బెంచిని, పనిముట్లను గ్రౌండ్ చేయడం, అది చేయలేని వస్తువుల ఛార్జ్‌ని వేరే దారిలో తగ్గించడం మీదే అవి నిలబడ్డాయి. ఒక రోజు ఏసీ ఎక్కువ తిరిగితే తేమ పడిపోతుంది, ఆ రోజు ప్యానెళ్లు పోతాయి. అలాంటి దాన్ని నియంత్రణ అనలేం. చివరికి తెల్ల పొడి చూపించాకే ఒప్పుకున్నాడు.

ఎర్త్ వైపు పోయిన వారం

నేను మొదలుపెట్టింది ఎర్తింగ్‌తో. ఇప్పుడు చూస్తే అక్కడ ఎక్కువ రోజులు ఖర్చు పెట్టానని అనిపిస్తుంది. కానీ దొరికిన లోపాలు చిన్నవి కావు.

యూనిట్ ఎలక్ట్రీషియన్ ఈఎస్‌డీ బెంచీల కోసం విడిగా ఒక ఎర్త్ పిట్ తవ్వించాడు. కరెంటు ఎర్త్‌లో నాయిస్ ఉంటుంది, స్టాటిక్‌కు శుభ్రమైన ఎర్త్ కావాలి అన్నది అతని ఆలోచన. చాలా చోట్ల ఇదే వింటాను. రాతి నేల, ఎండాకాలం, పిట్‌లో నీళ్లు పోసి నెలలైంది. దాని రెసిస్టెన్స్ బాగా పెరిగి ఉంది. అందరూ ఇదే కారణమని సంతోషపడ్డారు.

నేను సంతోషపడలేదు. రిస్ట్ స్ట్రాప్ తీగలోనే 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది, పొరపాటున కరెంటు తీగ తగిలినా మనిషికి ప్రమాదం రాకుండా. పది లక్షల ఓమ్‌ల దారిలో పిట్ దగ్గర ఇంకో యాభై ఓమ్‌లు పెరిగితే ఛార్జ్ కారిపోవడంలో తేడా ఏమీ రాదు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. రెండు ఎర్త్‌లు ఒకదానితో ఒకటి కలపలేదు. బెంచి మీద పరిచిన ఈఎస్‌డీ మ్యాట్ ఒక ఎర్త్ మీద, సోల్డరింగ్ స్టేషన్, టెస్ట్ జిగ్ ఇంకో ఎర్త్ మీద. రెంటి మధ్య వోల్టేజ్ తేడా వస్తే, మ్యాట్ మీది బోర్డును జిగ్ మీద పెట్టిన ప్రతిసారీ ఆ తేడా బోర్డు గుండానే పోవాలి. ఈఎస్‌డీలో భూమికి ఎంత దగ్గరగా ఉన్నామన్నది ముఖ్యం కాదు. బోర్డు తగిలే వస్తువులన్నీ ఒకే వోల్టేజ్‌లో ఉండాలి. అందుకే కరెంటు ఎర్త్‌కే అన్నీ కలిపి, విడి పిట్‌ను కూడా దానికే బాండ్ చేయించాను.

రెండో లోపం బెంచీల కింద దొరికింది. మ్యాట్‌లను ఒకదాని నుంచి ఒకదానికి దండ గుచ్చినట్టు తీగతో కలిపారు. మూడో బెంచి దగ్గర స్నాప్ ఊడిపోయి ఉంది. దాని తర్వాత ఉన్న నాలుగు బెంచీల మ్యాట్‌లు, వాటికి తగిలించిన స్ట్రాప్‌లు దేనికీ కలవకుండా గాలిలో ఉన్నాయి. ఉదయం గేటు దగ్గర టెస్టర్‌లో అందరికీ పచ్చ లైటే వచ్చింది. ఆ టెస్టర్ మనిషినీ స్ట్రాప్‌నీ చూస్తుంది, స్ట్రాప్ తగిలించిన బెంచి ఏ స్థితిలో ఉందో దానికి తెలియదు. ప్రతి బెంచికీ విడిగా ఒక తీగ, అందరికీ ఉమ్మడిగా ఒక గ్రౌండ్ బార్ పెట్టించాను.

ఇవన్నీ చేసి వారం చూశాం. ఫెయిల్యూర్లు కొంచెం తగ్గాయి, అంతే. అదే బెంచి, అదే అమ్మాయి.

దారి మార్చిన ప్రశ్న

అప్పుడు మనిషినీ బెంచినీ విడదీయాలనిపించింది. రెండు రోజులు ఆమెను వేరే బెంచిలో కూర్చోబెట్టి, ఆమె బెంచిలో ఇంకొకరిని పెట్టాం. ఫెయిల్యూర్లు ఆమెతోపాటు వెళ్లాయి. సూపర్‌వైజర్ నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. తను చెప్పిందే నిజమైందని అతనికి అనిపించింది. నాకూ కాసేపు అలాగే అనిపించింది.

కానీ ఆమె ఒంటి మీద వోల్టేజ్ కొలిస్తే 20 వోల్టుల కంటే తక్కువ ఉంది. ప్రమాణాలు ఒప్పుకునేది 100. చేతికి ఛార్జ్ లేదు, కానీ ఆమె చేతి మీదుగా పోయిన ప్యానెళ్లు పాడవుతున్నాయి. రెండూ నిజమైతే తేడా ఆమె పని చేసే తీరులో ఉండాలి. ఒక గంట పక్కన స్టూల్ వేసుకుని చూశాను. ఆమె ఫిల్మ్‌ని మూల పట్టుకుని ఒకే ఊపులో సర్రున లాగేస్తుంది. మిగతావాళ్లు మెల్లగా, రెండు మూడుసార్లు ఆగి తీస్తున్నారు. ఆమె అందరికంటే ముందుండటానికి కారణం ఆ ఊపే.

ఆ రోజే స్టాటిక్ ఫీల్డ్ మీటర్ తెచ్చి, అంగుళం దూరం నుంచి ప్యానెల్ మీద కొలిచాం. మెల్లగా తీస్తే వెయ్యి వోల్టుల చుట్టూ చూపించింది. సర్రున లాగితే 5000 దాటింది. అతుక్కుని ఉన్న రెండు ఉపరితలాలు విడిపోయేటప్పుడు ఛార్జ్ పుడుతుంది. మెల్లగా విడదీస్తే ఛార్జ్ వెనక్కి సర్దుకోవడానికి సమయం ఉంటుంది. వేగంగా లాగితే విడిపోయింది విడిపోయినట్టే ఉంటుంది.

ఇక్కడే రిస్ట్ స్ట్రాప్ ఎందుకు కాపాడలేదో తెలిసింది. స్ట్రాప్ చేతి ఛార్జ్‌ని తీస్తుంది. గాజు మీద, దాని మీది ప్లాస్టిక్ పొర మీద ఉన్న ఛార్జ్ చేతిలోకి రాదు, అవి కరెంటును పోనివ్వవు. గ్రౌండ్ చేసి తీసేయడం వీలు కాదు. ఆ ఛార్జ్ ప్రభావంతో గాజు అంచున అతికించిన, ప్యానెల్‌ని నడిపే డ్రైవర్ చిప్ కూడా ఎక్కువ వోల్టేజ్‌కి లేస్తుంది. ఆ స్థితిలో ఫ్లెక్స్ కేబుల్ చివరి బంగారు పూత గీతలు టెస్ట్ జిగ్ లోహానికి తగలగానే, నానోసెకండు పాటు పెద్ద కరెంటు చిప్ గుండా పరుగెడుతుంది. దీన్నే ఛార్జ్‌డ్ డివైస్ మోడల్, సీడీఎం అంటారు. మనిషి నుంచి బోర్డుకు దూకే ఛార్జ్ గురించి అందరికీ శిక్షణ ఇస్తారు. బోర్డు నుంచి లోహానికి దూకే ఛార్జ్ గురించి చిన్న యూనిట్లలో చెప్పేవాళ్లు తక్కువ.

నా ఊహను నేనే నమ్మేయకూడదు కాబట్టి ఒక పరీక్ష పెట్టాను. యాభై ప్యానెళ్లు ఫిల్మ్‌తోనే టెస్ట్ చేసి, అన్నీ బాగున్నాయని రాసుకున్నాం. వాటి ఫిల్మ్‌ని ఆమె తన మామూలు వేగంతో తీసింది. మళ్లీ టెస్ట్ చేస్తే మూడు పోయాయి. ఇంకో యాభై మెల్లగా తీసింది, ఒక్కటీ పోలేదు. యాభైలో మూడు అన్నది చిన్న లెక్క, వేగమే కారణమని దీనితో రుజువైందని అనలేను. కానీ ఒక విషయం ఖాయమైంది. ప్యానెళ్లు సప్లయర్ దగ్గర నుంచి చెడిపోయి రావడం లేదు. మా టేబుల్ మీద, ఫిల్మ్‌కూ జిగ్‌కూ మధ్య పోతున్నాయి. పాడైన ప్యానెళ్లను సప్లయర్‌కు పంపితే వాళ్ల రిపోర్టు చాలా రోజుల తర్వాత వచ్చింది, అందులో "ఈఓఎస్ లేదా ఈఎస్‌డీ" అని ఉంది. ఈఓఎస్ అంటే చిప్ తట్టుకోలేనంత కరెంటు దెబ్బ. ఆ మాట ఎలాంటి విద్యుత్ దెబ్బకైనా సరిపోతుంది, దానితో మాకు ఒరిగింది తక్కువ.

ఆ సాయంత్రం ఓనర్‌తో మాట్లాడి మెమో వెనక్కి తీయించాను. ఊరికే చించేస్తే చాలదని, ఆమె తప్పు లేదని రాసి ఇవ్వమన్నాను. ఆమెకు ఎవరూ ఫిల్మ్ మెల్లగా తీయమని చెప్పలేదు. వేగంగా చేయమని మాత్రం రోజూ చెప్పారు.

పరిష్కారం

మొదటి ఆలోచన, అందరినీ మెల్లగా తీయమనడం. చేశాం, కానీ దాని మీద ఆధారపడలేదు. టార్గెట్ ఒత్తిడి ఉన్న రోజు చేతులు వాటంతటవే వేగం పుంజుకుంటాయి.

రెండోది, అసలు ఫిల్మ్ ఎందుకు తీస్తున్నామని అడగడం. వెనక ఫిల్మ్ తీయక తప్పదు, బ్యాక్‌లైట్ పెట్టాలి. ముందు ఫిల్మ్ ఎందుకు తీస్తున్నారు? ఎవరికీ తెలియలేదు. పాత వర్క్ ఇన్‌స్ట్రక్షన్‌లో టెస్ట్‌కు ముందు తీయాలని ఉంది, అంతే. కస్టమర్‌ని అడిగితే ముందు ఫిల్మ్ ఉంటేనే మంచిది, తమ దగ్గర గీతలు పడకుండా ఉంటుందని చెప్పారు. ఒక్క ఫోన్ కాల్‌తో సగం ఫిల్మ్ పని, సగం ఛార్జ్ పోయాయి. ఈ కేసు మొత్తంలో నాకు ఎక్కువ తృప్తి ఇచ్చిన నిర్ణయం ఇదే.

మూడోది అయోనైజర్. గ్రౌండ్ చేయలేని వస్తువుల మీది ఛార్జ్‌ని తగ్గించడానికి ప్లస్, మైనస్ అయాన్లు ఉన్న గాలిని ఊదే ఫ్యాన్ అది. నిజానికి యూనిట్‌లో ఒకటి అప్పటికే ఉంది, బెంచికి మీటరున్నర పైన వేలాడుతూ. చల్లగాలి మొహానికి కొట్టి తలనొప్పి వస్తోందని అమ్మాయిలు దాన్ని ఆపేసేవారు. వేరే యూనిట్ నుంచి ఛార్జ్ ఎంతసేపట్లో తగ్గుతుందో కొలిచే ఛార్జ్ ప్లేట్ మానిటర్ అరువు తెచ్చి కొలిస్తే, 1000 వోల్టులు 100కి తగ్గడానికి ఇరవై సెకన్లకు పైనే పట్టింది. ఫిల్మ్ తీసిన ఐదారు సెకన్లలో ప్యానెల్ జిగ్ మీదికి పోతుంది. అంటే అది ఉన్నా లేనట్టే. అయాన్లు పుట్టించే సూదులు విప్పి చూస్తే నల్లగా పాచి పట్టి ఉన్నాయి.

చిన్న బెంచ్ అయోనైజర్లు కొనిపించి, ఫిల్మ్ తీసే చోటికి అడుగున్నర దూరంలో, మనిషి మొహానికి తగలకుండా పక్క నుంచి పెట్టించాను. తగ్గే సమయం రెండు సెకన్లకు వచ్చింది. అయోనైజర్ బ్యాలెన్స్ కూడా చూడాలి. ప్లస్, మైనస్ సమంగా లేకపోతే అదే ప్యానెల్‌కి ఛార్జ్ ఎక్కిస్తుంది. ఎస్20.20 ప్రకారం ఆ తేడా (ఆఫ్‌సెట్) 35 వోల్టులు దాటకూడదు. ఒకటి 60 చూపించింది, షాపుకు వెనక్కి పంపాం.

నాలుగోది జిగ్. అది అల్యూమినియం పలక. ఎంత ఛార్జ్ మిగిలినా లోహం దాన్ని ఒక్క దెబ్బలో లాగేస్తుంది. ఫ్లెక్స్ చివర మొదట తగిలే చోట ఛార్జ్‌ని మెల్లగా పోనిచ్చే డిస్సిపేటివ్ షీట్ అతికించి, దాన్ని గ్రౌండ్ చేశాం. అలా చేస్తే మిగిలిన ఛార్జ్ మెల్లగా కారుతుంది. ఇది చాలా చవకైన మార్పు. ఇది ముందే చేసి ఉంటే కొన్ని ప్యానెళ్లయినా మిగిలేవి.

ట్రేలు, కవర్ల గురించి ఒక మాట. థర్మోకోల్, మామూలు ప్లాస్టిక్ ట్రేలు బెంచి నుంచి తీసేశాం. గులాబీ రంగు యాంటీస్టాటిక్ కవరు ఛార్జ్ తక్కువగా పుట్టిస్తుంది, బయటి స్టాటిక్ ప్రభావాన్ని మాత్రం ఆపదు. బెంచి దాటి బయటికి పోయేటప్పుడు వెండి రంగు షీల్డింగ్ బ్యాగే కావాలి.

అప్పటికే పంపినవి

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇది. ఈఎస్‌డీ దెబ్బ తిన్న ప్రతి చిప్ వెంటనే చావదు. టెస్ట్ పాసై, తర్వాత ఇంట్లో మెషిన్‌లో పోయేవి కొన్ని ఉండొచ్చు. అవి ఎన్నో, అసలు ఉన్నాయో లేదో, పరీక్ష పెట్టి తేల్చే దారి మా దగ్గర లేదు. కొన్ని గంటలు ఆన్ చేసి ఉంచితే బలహీనమైనవి బయటపడతాయని ఓనర్ ఆశపడ్డాడు. దాంతో అన్నీ బయటపడతాయని నేను హామీ ఇవ్వలేనని చెప్పాను.

కస్టమర్‌కు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాడు. ఆర్డర్ పోతుందని అతని టెన్షన్. నేను ఒకటే అడిగాను: ఆరు నెలల తర్వాత వాళ్లంతట వాళ్లు కనిపెడితే ఏం చెప్తారు? ఏ తేదీల మధ్య, ఏ బెంచి నుంచి వెళ్లాయో రిజిస్టర్ తీసి పంపాడు. కస్టమర్ కోపగించుకున్నారు. కొంత స్టాక్ వెనక్కి పంపారు. ఆర్డర్ మాత్రం ఆగలేదు.

ఇప్పుడైతే వేరేగా చేసేవి

ఎర్త్ దగ్గర మొదలుపెట్టను. ప్యానెల్ ఏ అడుగు దగ్గర బాగుందో, ఏ అడుగు తర్వాత పాడైందో ముందు తేలుస్తాను. ఫిల్మ్ తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి టెస్ట్ చేయడానికి పట్టింది ఒక పూట. ఆ పూట మొదటి రోజే పెట్టి ఉంటే ఆ అమ్మాయి ఇంకో వారం నింద మోసేది కాదు.

రిజిస్టర్‌లో ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తే, ఆ మనిషి పని పక్కన కూర్చుని చూస్తాను. పేరు ఒక ఆధారం మాత్రమే. బెంచి మార్చినప్పుడు ఫెయిల్యూర్లు ఆమెతో వెళ్లినప్పుడు నేను అక్కడే ఆగి ఉంటే, సూపర్‌వైజర్ చేసిన తప్పే నేనూ చేసేవాణ్ని.

ఎండాకాలంలో ఏసీ మానేయమని ఎవరికీ చెప్పను. మనుషులు చల్లగా ఉండాలి. ఛార్జ్‌ని వేరే దారిలో పట్టుకోవాలి, దారులు ఉన్నాయి.

ఆరు నెలల తర్వాత వెళ్లినప్పుడు టెస్ట్ దగ్గర ఫెయిల్యూర్లు వారానికి ఒకటో రెండో, కూలర్ల రోజుల్లో ఉన్నట్టే ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లకు ఫిల్మ్ తీయడం నేర్పేది ఇప్పుడు ఆ అమ్మాయే. ముందు సర్రున లాగి ఫీల్డ్ మీటర్ చూపిస్తుంది, తర్వాత మెల్లగా తీసి మళ్లీ చూపిస్తుంది. నేను హాల్లోకి వెళ్లేసరికి నాలుగో బెంచి అయోనైజర్‌కు ఎర్ర ట్యాగ్ కట్టి ఉంది. ఎవరు కట్టారని అడిగితే, "సూదులు నల్లబడినాయి సార్, తుడిచే దాకా ఈ బెంచి మీద ఫిల్మ్ తీయద్దని నేనే కట్టినా" అంది.